తడి బాన నడక

నొప్పి పుట్టించే పనులన్నీ ఒకటొకటిగా చేసి చూసుకోండి, గంట తర్వాత వచ్చి చెప్పండి, అనేసి డాక్టరమ్మ ప్యో లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మున్‌సిక్ ఆ తలుపు వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు. రెండేళ్ళుగా అతనికి ఎవరు చెప్పినా వద్దనే చెప్పారు, వంగొద్దు, ఎత్తొద్దు, మెట్లెక్కొద్దు, కుమ్మరి సారె ముందు కూర్చోవద్దు. చెయ్యి అన్న మనిషి ఈవిడొక్కతే, అదీ బాధపెట్టే పనులే ఏరి ఏరి చెయ్యమంటోంది. నడుముకి కుడివైపు, బెల్టు కట్టుకునే చోటుకి బెత్తెడు దిగువన, సొట్టపడినట్టుండే చోట సూది దిగిన గుర్తుగా చిన్న దూది అంటించి ఉంది. దూది కింద చర్మం తనది కానట్టు మొద్దుబారింది. దాని లోపల, ఇంకా లోపల, రెండేళ్ళుగా కాపురం పెట్టిన నొప్పి ఇప్పుడు ఉందో లేచి వెళ్ళిందో తెలియదు. గుమ్మంలో కుక్క పడుకుని ఉంటే దాటబోయేవాడిలాగా, అది నిద్రలో ఉందో మెలకువగా ఉందో తేలక, అతను కాలు కదపకుండా నిలబడ్డాడు.

వరండా బెంచీ మీద అతని భార్య ఓక్‌బున్ అన్నం మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమయ్యా, ఏవన్నా తెలుస్తోందా?"

"ఇప్పుడేగా పొడిచింది."

"ఉంటే ఉందను, పోతే పోయిందను. నీ మొహం చూసి కనిపెట్టడం నావల్ల కాదు. ఆవం గోడకైనా లోపల మంటుంటే కాస్త రంగు మారుద్ది."

అతను ఆమె పక్కన కూర్చోలేదు, కిటికీ దగ్గరికి నడిచాడు. మూడో అంతస్తు కిటికీలోంచి రేవు కనబడుతోంది, చేపల పడవలు, వాటి వెనక బూడిదరంగు నీళ్ళు, నీళ్ళకి అవతల ఎక్కడో వాళ్ళ పల్లె. చలి విరుగుతున్న రోజులు. ఇంకో నెలకి ఇళ్ళల్లో ఆడవాళ్ళు సోయా ముద్దలు ఉప్పునీళ్ళలో నానేసుకుంటారు, దానికి బానలు కావాలని ఇప్పుడే వచ్చి అడుగుతారు, వాళ్ళొచ్చేసరికి బానలు కాలి చల్లారి వాకిట్లో ఉండాలి. ఈ ఏడు వాకిలి ఖాళీగా ఉంది. చిన్న జాడీలు చేసిపెట్టాడు, ఉప్పుకి, మిరపపొడికి, మనవడు ఆడుకోవడానికి పనికొచ్చేలాంటివి. బాన అంటే మనిషి రొమ్ము దాకా రావాలి, లోపల దిగి కడుక్కునేంత ఉండాలి. అలాంటిది చేసి ఆకురాలు కాలం దాటి ఎన్నాళ్ళయిందో అతను లెక్కపెట్టుకోడు. లెక్కపెట్టుకోకపోయినా ఒళ్ళు మర్చిపోదు.

నొప్పి ఈ గంటలో పోతే అది డాక్టరమ్మ మత్తుమందు పొడిచిన కటి అతుకుదే, వెన్ను అడుగున తుంటి ఎముక కలిసేచోటుదే, అని తేలుతుంది. పోకపోతే అతుకుది కాదు, ఇంకెక్కడో ఉంది. అప్పుడు వచ్చే గురువారం, ఇంకో ఊళ్ళో ఇంకో పెద్దాసుపత్రిలో, ఇదివరకే మాట ఇచ్చినట్టు, నడుము కోసి పూసలకి మేకులు బిగించి రెండింటినీ ఒకటి చేస్తారు. అలా చేయించుకున్న మనిషి వాళ్ళ పల్లెలోనే ఉన్నాడు. ఓక్‌బున్ అన్న, జేగాప్ బావ. ఆ తీరంలో బావ లేపినంత పెద్ద బాన లేపినవాడు లేడు. ఆపరేషన్ బాగానే జరిగింది, కోత బాగానే మానింది, నిటారుగా నడుస్తాడు, జెండా కర్రలాగా, కాకపోతే అంతకుముందున్న నొప్పి అలాగే ఉంది, సారె మాత్రం మళ్ళీ ఎక్కలేదు. మున్‌సిక్ పనిపాకలో మూలన చాప వేసుకుని కూర్చుని, ఎండిన రొయ్యలు నములుతూ, నీ అంచు వంకరపోయింది బావా, నీ పొట్ట జారింది బావా, అని రోజంతా తప్పులు పడతాడు. వాళ్ళావిడ భోజనానికి పిలిస్తే తప్ప లేవడు. మున్‌సిక్‌కి కోతంటే భయం లేదు. ఆ చాపంటే భయం. ఆ చాప మీద ఇంకో మనిషికి చోటుందని ఈ మధ్య ఒకసారి కళ్ళతో కొలుచుకున్నాడు కూడా.

మెట్లు. మెట్లతో మొదలుపెడదాం అనుకున్నాడు. వరండా చివర మెట్లున్నాయి, ఇనప కమ్మీతో. పట్టుకోకుండా ఎక్కాలి. ఎడమ కాలు పైమెట్టు మీద పెట్టాడు, ఏం కాలేదు, ఎడమకాలితో ఎప్పుడూ ఏం కాదు, అది పెళ్ళికొడుకు కాలు. ఇప్పుడు కుడికాలు పైన వేసి దానిమీదే ఒళ్ళంతా లేపాలి. రోజూ ఇక్కడే, సరిగ్గా బరువు కుడికి మారే క్షణంలో, పిర్ర లోపలినుంచి ఎవరో తడిమన్ను కోసే తీగ లాగినట్టు ఉంటుంది, తొడ వెనకదాకా జారి మోకాలి పైన ఆగిపోతుంది. ఆగిపోతుందా, మోకాలు దాటి పాదం దాకా వెళ్తుందా అని పొద్దున డాక్టరమ్మ అడిగింది. ఆగుతుంది అన్నాడు. దగ్గితే, తుమ్మితే కాల్లోకి కొడుతుందా? కొట్టదు. ఎక్కడుందో ఒక్క వేలితో చూపించండి. అందరూ ఇలా చెయ్యి మొత్తం వేసి నడుమంతా రుద్ది చూపిస్తారట. అతను వేలు వెనక్కి పెట్టి ఆ సొట్ట మీద ఆనించాడు. ఇంకోసారి చూపించండి అంది. మళ్ళీ అక్కడే. ఆవిడ మొహంలో అప్పుడొక కదలిక కనిపించింది. ఆవం మూత తీసి మంట రంగు చూసుకుని, ఇక కట్టె వెయ్యక్కర్లేదు అనుకున్నప్పుడు వాళ్ళ నాన్న మొహంలో కూడా అలాగే ఒకటి కదిలేది. కుడికాలు మీద లేచాడు. తీగ లాగలేదు.

లాగలేదు. నమ్మొద్దు, ఒకసారే, మందు ఇప్పుడే పోసింది, మొద్దుబారిన చర్మం మోసం చేస్తోందేమో. ఇంకో మెట్టు. ఇంకోటి. పైకెళ్ళి మళ్ళీ దిగాడు, దిగేటప్పుడు కుడికాలు మీదే ఆగి, కావాలని ఆగి, లోపలికి చెవి పెట్టాడు. కాలిన బానని వేలి కణుపుతో కొట్టి వినడం చిన్నప్పుడే నేర్పారు, నిండుగా మోగితే సరే, గొంతు పట్టినట్టు మోగితే ఎక్కడో చీలిక. ఇప్పుడు లోపల ఏ మోతా లేదు. మోతే లేకపోతే బాగుందని అర్థమా? అతను బెంచీ దగ్గరికి వచ్చాడు.

"ఎక్కావా?"

"ఎక్కా."

"దిగావా?"

"దిగకుండా ఎలా వచ్చాను."

"అబ్బో, మాట పెగులుతోంది. మందు పని చేస్తున్నట్టుంది," అంది ఓక్‌బున్, మూటమీద చేతులు మార్చి పెట్టుకుంటూ.

అప్పుడు చూశాడు అతను ఆ గుడ్డని. పొద్దుట బస్సులోనూ ఆమె ఒళ్ళోనే ఉంది కానీ కళ్ళు పెట్టలేదు. అన్నం డబ్బాలు కట్టిన ఆ మూటగుడ్డ మామూలు మూటగుడ్డ కాదు. ముదురు నీలం, రెండు పొరలు వేసి కుట్టిన గుడ్డ, అంచుల్లో తాడు పెట్టి మళ్ళీ కుట్టినది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోని మన్నురంగు చారలు మధ్యలో. బాన మోసే గుడ్డ. సారె మీంచి తడిబానని దించి ఆరబెట్టే పాకలోకి చేర్చేది దీంతోనే. బాన పొట్ట కిందుగా చుట్టి, ఇటు రెండు కొసలు అటు రెండు కొసలు పిడికిలికి మెలిపెట్టుకుని, ఎదురెదురుగా నిలబడి, అడ్డంగా, పీతలాగా నడవాలి. ముప్పై ఏళ్ళకి పైగా ఆ గుడ్డకి ఒక వైపు అతను, ఒక వైపు ఆమె. దాన్ని విప్పి ఉతికి ఆరేసి, అన్నం డబ్బాలకి కట్టుకొచ్చింది. అంటే అయిపోయిందనుకుంది. తను అడగలేదు, ఆమె చెప్పలేదు. చేటకి చిల్లుపడితే పేడకి వాడుకున్నట్టు, బాన లేని ఇంట్లో బాన గుడ్డ ఇంక దేనికి, అన్నానికే. అతను చూపు తిప్పేసుకున్నాడు.

కిందటి ఆకురాలు కాలంలో, వాన వెలిసిన మర్నాడు చేసిందే ఆఖరి పెద్ద బాన. ఆ బాన పొద్దుటినుంచే చేతికి లొంగింది. అడుగు పలక పరిచి, మొదటి గోడపలక నిలబెట్టి, రెండూ కలిసేచోట లోపలినుంచి మన్ను తాడు పెట్టి బొటనవేలితో అదిమి, ఇంకో పలక, ఇంకో పలక, లోపల గుండు, బయట చెక్క, టపటప కొట్టుకుంటూ ఎడమకాలితో సారె తన్నుకుంటూ పోతుంటే, పొట్ట దానంతట అదే నిండుకుంటూ వచ్చింది. వాళ్ళ తీరపు బానలకి పొట్ట పెద్దది, భుజం వెడల్పు, ఉత్తరాది వాళ్ళవి సన్నగా బక్కచిక్కినట్టుంటాయి. ఓక్‌బున్ గుడ్డ తెచ్చి చుట్టింది. ఎత్తారు. మోసేటప్పుడు మాటలుండవు, ఎవరి ఊపిరి వాళ్ళది, పాక చివరికి చేరాక ఆమె దించు అంటుంది, ఎప్పుడూ ఆమే అంటుంది, ఎందుకంటే చోటు ఆమెకే కనబడుతుంది, అతనికి బాన తప్ప ఏమీ కనబడదు. పాక అతనికి ఎడమవైపు. ఎడమకాలు ఎత్తి పక్కకి వేసినప్పుడల్లా ఒళ్ళూ బానలో సగమూ కుడికాలి మీదే నిలబడాలి. గడప దాకా బాగానే వచ్చారు. గడప దాటడానికి ఎడమకాలు కాస్త ఎత్తుగా లేపాడు, అంతే, తీగ. కుడి తుంటి తన మాట వినలేదు, వంగింది. గుడ్డ ఒక పక్కకి జారింది. బాన పగల్లేదు, తడిబాన పగలదు, ముసలావిడ నిదానంగా కింద కూర్చున్నట్టు కూర్చుంది, ముందు పొట్ట, తర్వాత భుజం, ఆఖరున అంచు దానిమీద పడుకుంది. ఓక్‌బున్ పార తెచ్చి మన్ను పోగుచేసి, నీళ్ళు చల్లి, మన్నుకుప్పలో కలిపేసి చేతులు కడుక్కుంటూ, మన్నేగా, అంది. తిట్టినా బాగుండేది. ఆ మన్నేగా అన్న మాట అతని వెంట ఇక్కడిదాకా బస్సెక్కి వచ్చింది.

కూర్చుని లేవడం చూడాలి. బెంచీ మీద కూర్చున్నాడు, కూర్చుంటూనే ఒళ్ళు దానంతటది కుడి పిర్ర మీదకి ఒరిగింది, నలభై ఏళ్ళుగా ఒరుగుతున్నట్టే. నీ బరువు కుడిమీద వెయ్యి, నీ పని ఎడమకాలితో చెయ్యి, అని వాళ్ళ నాన్న సారె ముందు కూర్చోబెట్టి నేర్పాడు, తాత నాన్నకి అలాగే నేర్పి ఉంటాడు. ఎడమకాలు ఎప్పుడూ గాల్లోనే ఉండి చక్రాన్ని తన్నుతుంది, ఒళ్ళంతా కుడి పిర్ర మీద కుంపటిలాగా కూర్చుంటుంది. నొప్పి మొదలైనప్పుడు మెత్తగా ఉంటుందని కుడి పిర్ర కింద గడ్డిచాప మడిచి పెట్టుకున్నాడు. ఇంకా నొప్పెడితే ఇంకో మడత. పొద్దున డాక్టరమ్మ, మీరు పనిలో ఎలా కూర్చుంటారో కూర్చుని చూపించండి, అంటే కుర్చీమీద అలాగే ఒరిగి, జేబురుమాలు మడిచి చాప బదులు కింద పెట్టి మరీ చూపించాడు. ఆవిడ ఆ మడతవంక చూసింది. తర్వాత బల్లమీద ప్లాస్టిక్ ఎముకల బొమ్మ ముందుకు జరిపింది.

"ఇదిగో ఈ మధ్యలోది ముక్కోణపు ఎముక. వెన్నుపూసలన్నీ దీనిమీదే నిలబడ్డాయి. రెండువైపులా రెక్కల్లాగున్నవి తుంటి ఎముకలు. ఇవి కలిసేచోట ఇక్కడొక అతుకు, ఇక్కడొక అతుకు. మోకాలిలాగా మడతపడే కీలు కాదిది నాన్నగారూ, గోరంత కదులుతుంది, అంతే. కానీ మీ పైబరువంతా కాళ్ళలోకి దిగేది దీంట్లోంచే. మీరు ఒక రెక్కని చాపతో పైకి ఎగదోసి, ఇంకో రెక్కని కాలితో కిందకి ఈడుస్తున్నారు. పాపం ఈ అతుకు ఎవరి మాట వినాలి?"

"నడుం బెల్టు పెట్టుకుంటున్నాడమ్మా," అంది ఓక్‌బున్, తప్పు తమది కాదన్నట్టు.

"ఎక్కడ పెట్టుకుంటున్నారు?"

చొక్కా పైకి లేపి చూపించాడు. బొడ్డు మీదుగా, బిగించి.

"అది నడుముకి. ఈ అతుక్కి కావాలంటే ఇంకా కిందకి, తుంటి ఎముకల పై అంచుకి దిగువగా, తొడలు మొదలయ్యేచోటుకి పైన. ఈ రెండు రెక్కల్నీ దగ్గరికి పట్టి ఉంచాలి. ఇక్కడ కడితే మీ అన్నం అరగదు తప్ప ఏం లాభం లేదు."

ఓక్‌బున్ నవ్వింది. మున్‌సిక్ నవ్వలేదు, బొమ్మనే చూస్తున్నాడు. బాన కారుతోందని తెచ్చేవాళ్ళు ఎప్పుడూ పొట్ట మీద పూతలో సన్నటి గీతని చూపిస్తారు, ఇదిగో ఇక్కడ పగిలింది అని. ఆ గీత పూతది. పాతబడ్డ బాన ప్రతిదానికీ ఉంటుంది, దాంట్లోంచి చుక్క కూడా రాదు. అసలు కారేది అడుగూ గోడా కలిసే అతుకులో, బాన కూర్చునేది దానిమీదే గనక ఎవరూ ఎత్తి చూడరు. ఇంకో ఊరి పెద్దాసుపత్రిలో వాళ్ళు తెర మీద ఫోటో పెట్టి, ఇక్కడ పూసల మధ్య మెత్తటి చక్రం ఉబ్బింది చూశారా, అని పెన్నుతో చూపించారు. ఉబ్బింది నిజమే, అతనికీ కనబడింది, ఎవరికి మాత్రం కనబడదు. మీ వయసులో నొప్పి లేనివాళ్ళకి తీసినా ఆ ఫోటోలో ఏదో ఒకటి ఉబ్బే ఉంటుంది, అని డాక్టరమ్మ ప్యో అంది. అలాగని ఆ చక్రానిది కాదని నేను ముందే చెప్పను, చూద్దాం, అని బల్లమీద పడుకోబెట్టింది. తుంటి ఎముకలు రెండూ అటూ ఇటూ తెరిచినట్టు నొక్కింది. పక్కకి తిప్పి పైనుంచి నొక్కింది. మోకాలు మడిచి తొడ మీదుగా కిందకి తోసింది, మడమ ఎదుటి మోకాలి మీద పెట్టి కప్పలాగా తెరిచింది, కాలు బల్ల అంచున కిందకి వేలాడదీసింది. ఇదేనా మీ నొప్పి? ఇదేనా? కొన్నిటికి వేరే నొప్పి వచ్చింది, కాదన్నాడు. ఎక్కువసార్లు అదే వచ్చింది, గడప దగ్గర వచ్చిన అదే తీగ. పాత అప్పులవాణ్ణి గుంపులో గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు.

లేచాడు. చేతులు తొడల మీద ఆనించకుండా, ముందుకి ఊగకుండా, ఒక్కసారి లేచాడు. ఏం రాలేదు. కూర్చున్నాడు, లేచాడు. ఎదుటి బెంచీ మీద కాలికి కట్టుతో ఉన్న చేపల మార్కెట్ ఆవిడ, చేతులకి ఇంకా రబ్బరు తొడుగుల వాసనతో, చూసి చూసి ఓక్‌బున్‌ని అడిగింది.

"ఆయనకి మూలశంకా?"

"కాదక్కా, తుంటి అతుకు. నొప్పి వస్తుందేమో చూసుకుంటున్నాడు."

"మా ఆయన రాకుండా చూసుకుంటాడు. మీ ఆయన వెతుక్కుంటున్నాడే."

"దొరకట్లేదు పాపం," అంది ఓక్‌బున్.

దొరకట్లేదు. అతను బెంచీ అంచుకి జరిగి, వీపు నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. ఎడమకాలు లేపి ముందుకి తన్నాడు, గాల్లో, మళ్ళీ, మళ్ళీ, సారె తిరగడం మొదలయ్యేటప్పుడు బరువుగా, ఊపందుకున్నాక తేలిగ్గా. మోటారు పెట్టుకోవయ్యా అని అందరూ అన్నారు. మోటారుకి మన్ను అలసిపోయిందో లేదో తెలియదు. కాలికి తెలుస్తుంది, గోడ పల్చనవగానే కాలు తనంతట తానే నెమ్మదిస్తుంది. గాల్లో తన్నుతూ అతను రెండు పిర్రల మీదా సమంగా కూర్చోవడానికి ప్రయత్నించాడు. విచిత్రంగా ఉంది. కొత్తగా కట్టిన ఇంట్లో నిద్రపోయినట్టుంది. డాక్టరమ్మ చెప్పింది, నొప్పి ఈ అతుకుదే అని తేలినా ఈ మందు నొప్పి ఎవరిదో చెప్పడానికే తప్ప పోగొట్టడానికి కాదు, సాయంత్రం మీ ఇంటికెళ్ళేసరికి అది మళ్ళీ రావచ్చు, వస్తే కంగారుపడకండి. ఆ తర్వాత పని మీది. బెల్టు కింద కట్టాలి, పిర్రల కండా పొట్ట లోపలి కండా గట్టిపడేలా రోజూ కసరత్తు, సమంగా కూర్చోవడం, చాప మడత తీసిపారెయ్యడం, ఆవం ఇటుకలకి వీపు ఆనించి కాచుకోవడం ఆపెయ్యడం, అవసరమైతే ఇంకో మందుతో ఇంకో సూది. మేకుల అవసరం చాలా కొద్దిమందికి. ఇంకొకటి కూడా అంది.

"కుడికాలితో తన్నలేరా మీరు, అప్పుడప్పుడూ?"

"అప్పుడు సారె ఎదురు తిరుగుద్దమ్మా."

"తిరిగితే?"

ఇన్నేళ్ళలో ఎవరూ అలా అడగలేదు, అతను తనని తాను కూడా అడగలేదు. సారె ఎదురు తిరిగితే చేతులు మారాలి, లోపలి గుండు ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి, చెక్క కుడిలోంచి ఎడమలోకి, అంచు లాగే తడిగుడ్డ ఆ చేతినుంచి ఈ చేతికి. అరవై దాటిన చేతుల్ని బళ్ళో వెయ్యడం. మొదట్లో బానలన్నీ తాగి వస్తున్నవాళ్ళలాగా ఒరుగుతాయి. జేగాప్ బావకి పండగ, ఆయన రొయ్యల పొట్లం సరిపోదు. కానీ అప్పుడప్పుడూ అంది ఆవిడ. ఒక రోజు అటు, ఒక రోజు ఇటు. పొలంలో ఎడ్లని జత మార్చినట్టు. కళ్ళు మూసుకునే అతను ఎడమకాలు ఆపి కుడికాలు లేపాడు. గాల్లో సారె ఆగి, ఒక్కక్షణం ఆలోచించుకుని, ఎదురు తిరగడం మొదలెట్టింది. చేతులు రెండూ తెలియకుండానే లేచాయి, ఎడమది చెక్క పట్టుకోబోయింది, కుడిది లోపలికి వంగింది. ఏమంత దారుణంగా లేదు. ముందు చిన్నవాటితో మొదలుపెట్టొచ్చు, ఉప్పుజాడీలు, మూతలు.

కళ్ళు తెరిచేసరికి చేపల ఆవిడ అతన్నే చూస్తోంది.

"ఇప్పుడు సైకిలు తొక్కుతున్నాడా?"

"బాన చేస్తున్నాడు," అంది ఓక్‌బున్.

"ఎంత పెద్దది?"

ఓక్‌బున్ అతని చేతుల ఎడం చూసింది, పుట్టినదగ్గరినుంచి బానల మధ్య పెరిగినది కదా, చూడగానే చెప్పేసింది.

"పెద్దదే. రొమ్ముదాకా వస్తది."

ఆమె డబ్బాల మూట బెంచీ మీద పెట్టి ముడి విప్పింది. అన్నం తినేవేళ కాలేదు ఇంకా. సముద్రపాచిలో చుట్టిన అన్నం డబ్బా తీసి ఒకపక్క పెట్టింది, ముల్లంగి పచ్చడి డబ్బా తీసి ఇంకోపక్క పెట్టింది, బార్లీ నీళ్ళ సీసా తీసి చేపల ఆవిడకి చూస్తూ ఉండమని అప్పగించింది. నీలం గుడ్డని రెండు చేతులా దులిపింది. మన్నురంగు చారలు మధ్యలో కనబడ్డాయి.

"దేనికిది?" అన్నాడు అతను.

"మొన్న ఫోన్ చేసినప్పుడు నర్సమ్మ చెప్పింది, ఏ పనికి నొప్పి వస్తుందో ఆ పని ఇక్కడ చేసి చూపించాల్సి వస్తుంది, తయారుగా రండి అని. సారె తేలేను కదా. ఇదైతే అన్నం కట్టి తేవచ్చు."

"ఉతికావు."

"ఆసుపత్రికి మన్నుతో తెస్తారేంటి?"

అతను గుడ్డవంకా ఆమెవంకా చూశాడు. అన్నానికి కట్టుకొచ్చింది కాదు, దీన్ని తేవడానికి అన్నం కట్టుకొచ్చింది. ఇంట్లోనే చెప్పొచ్చుగా, అనబోయి ఊరుకున్నాడు, ఇంట్లో తను మాత్రం ఏం చెప్పాడు. అందరికంటే ఎక్కువ నొప్పెట్టే పని ఏది, మెట్లా, కూర్చుని లేవడమా, సారె తన్నడమా. అవేవీ కావు. ఆ సంగతి అతనికంటే ముందు ఆమెకి తెలుసు, గడప దగ్గర గుడ్డ రెండో వైపు ఆమె చేతుల్లోనే ఉంది.

"బరువు ఎత్తొద్దంది డాక్టరమ్మ, ఇవాళ్టికి," అన్నాడు.

"ఎక్కడుంది బరువు? పట్టు."

అతను కొసలు రెండూ అందుకుని పిడికిళ్ళకి మెలిపెట్టుకున్నాడు. గుడ్డకి ఇంకా ఉతుకు వాసన ఉంది, దాని కింద, కుట్లలోపల, తడిమన్ను వాసన. ఎదురుగా ఓక్‌బున్ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది, కాస్త వంగి, మోకాళ్ళు సడలించి, బాన ఉన్నప్పుడు ఎలా నిలబడుతుందో అలాగే. గుడ్డ మధ్యలో కిందకి వేలాడింది, పొట్టకి ఎంత చోటు కావాలో అంత. చూస్తుంటే అక్కడ ఏదో ఉన్నట్టే ఉంది. ఎత్తారు. డాక్టరమ్మ గది వరండా ఆ చివర, అతనికి ఎడమవైపు. ఎడమకాలు లేపాలి. ఒళ్ళంతా కుడికాలి మీద నిలబడాలి. అతను ఊపిరి పట్టాడు.

ఎడమకాలు లేచింది. కుడి తుంటి మీద ఒళ్ళు నిలబడింది, నిలబడే ఉంది. తీగ కోసం అతను ఎదురుచూశాడు, సొట్ట దగ్గర, పిర్ర లోపల, తొడ వెనక. ఎడమకాలు దిగింది. కుడికాలు దాని పక్కకి వచ్చింది. మళ్ళీ. ఓక్‌బున్ కుడికాలు అతని ఎడమకాలితో కలిసి లేస్తోంది, కలిసి దిగుతోంది, ఆమె కళ్ళు అతని తుంటి మీద ఉన్నాయి, మొహం మీద లేవు. తోపుడుబండి తోసుకొస్తున్న నర్సు ఆగిపోయింది. ఏంటిది నాన్నగారూ, అని అడగబోయి, ఇద్దరి నడక చూసి, ఎందుకో బండిని గోడవారకి లాక్కుంది. చేపల ఆవిడ కట్టుకాలు వెనక్కి ముడుచుకుంది, జాగ్రత్తగా, గుడ్డలోది తగలకుండా. వరండా మధ్యలో గచ్చు కాస్త ఎత్తు మారేచోట ఇత్తడి పట్టీ ఉంది, గడపలాగా. అతను దాన్ని ముందే చూశాడు. ఎడమకాలు ఎత్తుగా లేపాడు, కావాలని ఇంకాస్త ఎత్తుగా లేపి గాల్లో ఆపాడు, కుడికాలి మీద కొంగలాగా నిలబడిపోయాడు. ఓక్‌బున్ కూడా ఆగింది. గుడ్డ ఊగలేదు. ఇక్కడే, ఇదే ఎత్తులో, ముసలావిడలాగా కూర్చుండిపోయింది ఆ బాన. కుక్క లేవలేదు. కుక్కే లేదు గుమ్మంలో. ఎడమకాలు పట్టీకి అవతల దిగింది.

అటుపైన అడుగుల సంగతి అతను మర్చిపోయాడు. సాయంత్రం బస్సులో నొప్పి తిరిగి వస్తుంది, రానీ. వచ్చినా ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు, దాని ఇల్లు తెలుసు, గోడ ఏదో అడుగు ఏదో తెలుసు. లోపలినుంచి మన్నుతాడు పెట్టి రోజూ కాస్త కాస్త అదుముకుంటూ వస్తే పట్టని అతుకు అతను ఇంతవరకూ చూడలేదు. జేగాప్ బావని కూడా తీసుకురావాలి, ఆయనకి ఆ మేకుల కిందుగా ఇంకా నొప్పి ఉందంటాడు, ఒక్క వేలితో చూపించమని అడగాలి. ఆయన చెయ్యంతా వేసి రుద్దుతాడా, వేలు పెడతాడా చూడాలి.

"దించు," అంది ఓక్‌బున్.

డాక్టరమ్మ తలుపు పక్కన, గోడవార దించారు, మోకాళ్ళు మడిచి, మెల్లిగా, అడుగు అంతా ఒక్కసారే నేలకి ఆనేలా. గుడ్డ గచ్చుమీద పరుచుకుంది. తలుపు తెరుచుకుని డాక్టరమ్మ ప్యో గుమ్మంలో నిలబడింది, కింద ఏమీ లేని గుడ్డకి అటొకరు ఇటొకరు వంగి ఉన్న ఇద్దర్నీ చూసింది.

"ఎంతవరకు తగ్గింది నాన్నగారూ? గురువారం ఆపరేషన్ సంగతి వాళ్ళకి ఏం చెప్పమంటారు?"

మున్‌సిక్ తల ఎత్తలేదు. గోడకీ గుడ్డకీ మధ్య ఎడం చూస్తున్నాడు.

"మరీ గోడకి ఆనించేశాం," అన్నాడు భార్యతో. "వెనకవైపు గాలి తగల్దు, ఆరదు. ఎత్తు."

ఓక్‌బున్ కొసలు అందుకుంది.